లాక్ తీయాలి, ఫోటోలు పోకూడదు: ఈ రెండూ ఎందుకు కలిసి కుదరవు

అనంతపురంలో సప్తగిరి సర్కిల్ నుంచి టవర్ క్లాక్ దాకా ఏ సెల్ రిపేరు షాపు ముందైనా కాసేపు నిలబడి చూడండి, ముఖ్యంగా వేసవి సెలవులు అయిపోయే రోజుల్లో. లాక్ పడిన ట్యాబ్ పట్టుకొచ్చేవాళ్ళు చెప్పేది ఒకటే మాట: "లాక్ తీయాలన్నా, కానీ లోపల ఫోటోలు పోకూడదు." షాపతను "పెట్టిపో, సాయంత్రం రా" అంటాడు. సాయంత్రానికి ట్యాబ్ తెరుచుకుంటుంది, నిన్ననే కొన్నట్టు ఖాళీగా. అక్కడ గొడవ మొదలు. నా డేటా పోగొట్టినావని ఇతను, నువ్వే కదా లాక్ తీయమన్నావని అతను.

ఈ గొడవలో తప్పు షాపతనిది అనుకోవడం తేలిక. కానీ అతను "ఫోటోలు ఉంచి లాక్ తీస్తా" అని ఒప్పుకోవడమే తప్పు తప్ప, ఖాళీ చేసి ఇవ్వడం తప్పు కాదు, ఎందుకంటే అతని చేతిలో ఉన్న పని అదొక్కటే. పదిసార్లు తప్పు నంబరు కొడితే డేటా పేలిపోతుందని ఒక నమ్మకం, షాపులో ఏదో సాఫ్ట్‌వేర్ ఉంటుంది అన్నీ తీసేస్తారని ఇంకో నమ్మకం. రెండూ సగం సగమే నిజం. అసలు సంగతి ఏమిటంటే, తప్పు పాస్‌కోడ్ వల్ల నేరుగా డేటా పోయే ట్యాబ్‌లు తక్కువ. లాక్ పడ్డాక టెన్షన్‌లో మనం చేసే రీసెట్ వల్ల పోయేవే ఎక్కువ.

ఇది అర్థం కావాలంటే పాస్‌కోడ్ లోపల ఏం చేస్తుందో కొంచెం ఓపిగ్గా చూడాలి.

పాస్‌కోడ్ అడ్డుగోడ కాదు

పాత రోజుల్లో పాస్‌కోడ్ అంటే స్క్రీన్ అడిగే ప్రశ్న, అంతే. లోపల డేటా ఉన్నది ఉన్నట్టే ఉండేది. స్క్రీన్‌ను దాటగలిగినా, కేబుల్ పెట్టి మెమరీని నేరుగా చదవగలిగినా ఫోటోలు చేతికొచ్చేవి. షాపులో తీసేస్తారన్న నమ్మకం అప్పటిదే, అప్పట్లో అది నిజం కూడా. 2010లో ఐఓఎస్ 4తో (ఐఓఎస్ అంటే ఆపిల్ పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్) ఆపిల్ పాస్‌కోడ్‌ను ఎన్‌క్రిప్షన్‌తో, అంటే కీ లేనిదే చదవలేకుండా డేటాను మార్చేసే పద్ధతితో, ముడిపెట్టడం మొదలుపెట్టింది. 2014లో ఐఓఎస్ 8 వచ్చేసరికి ఫోటోలు, మెసేజ్‌లతో సహా చాలావరకు డేటా ఆ రక్షణ కిందికి పోయింది, పాస్‌కోడ్ లేకుండా దాన్ని తాము కూడా తీయలేమని ఆ కంపెనీయే చెప్పేసింది. ఆండ్రాయిడ్‌లో 2016లో ఏడో వెర్షన్‌తో ఒక్కో ఫైలునూ విడిగా ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి వచ్చింది, 2019లో పదో వెర్షన్‌తో మార్కెట్లోకి వచ్చే కొత్త పరికరాలన్నిటికీ ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి అయింది.

అంటే ఇప్పుడు మీ ట్యాబ్ మెమరీలో ఫోటో ఫోటోలాగా ఉండదు. గజిబిజి అంకెలుగా ఉంటుంది. దాన్ని మళ్ళీ ఫోటోగా మార్చే కీ ఒకటి కావాలి, ఆ కీ ఎక్కడా రాసిపెట్టి ఉండదు, మీరు పాస్‌కోడ్ కొట్టినప్పుడే తయారవుతుంది. మీ పాస్‌కోడ్‌నూ, ఫ్యాక్టరీలోనే చిప్ లోపల శాశ్వతంగా ముద్రించిన ఒక రహస్య సంఖ్యనూ కలిపి ఆ కీ పుడుతుంది. ఐప్యాడ్‌లో ఈ పని సెక్యూర్ ఎన్‌క్లేవ్ అనే విడి భాగం చూసుకుంటుంది. ఆ రహస్య సంఖ్యను బయటికి చదివే దారి లేదు, తయారుచేసిన కంపెనీ దగ్గర కూడా నకలు ఉండదు. అందుకే మెమరీ చిప్‌ను ఊడదీసి ఇంకో మెషీన్‌లో పెట్టినా ఫలితం సున్నా. పాస్‌కోడ్ తెలిసినా ఆ చిప్ కావాలి, చిప్ ఉన్నా పాస్‌కోడ్ కావాలి.

మరి పాస్‌కోడ్‌లను ఒక్కొక్కటిగా ప్రయత్నిస్తే? నాలుగంకెల పాస్‌కోడ్‌లు మొత్తం 10,000. ఆపిల్ ఒక్కో ప్రయత్నానికి దాదాపు 80 మిల్లీసెకన్లు పట్టేలా లెక్క పెట్టింది, కావాలనే నెమ్మదిగా. అయినా 10,000 ప్రయత్నాలంటే 800 సెకన్లు, అంటే పదమూడు నిమిషాల చిల్లర. ఆరంకెలైతే 10 లక్షలు, ఇరవై రెండు గంటలు. ఒక కంప్యూటర్ తగిలించి ఒక రోజు వదిలేస్తే చాలన్నమాట! అందుకనే ప్రయత్నాల మీద పరిమితి పెట్టారు. అది మీ మనవడి కోసం పెట్టింది కాదు, ట్యాబ్ దొంగిలించినవాడి కోసం పెట్టింది. మన దురదృష్టం ఏమిటంటే చిప్‌కు మనవడికీ దొంగకూ తేడా తెలియదు.

ఈ పరిమితి ఎంత గట్టిదో తెలియాలంటే 2016 నాటి గొడవ చూడాలి. 2015 డిసెంబరులో అమెరికాలోని శాన్ బెర్నార్డినోలో కాల్పులు జరిగాయి, కాల్చినవాడి ఐఫోన్ 5సి లాక్ అయి దొరికింది. అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కోర్టుకు వెళ్ళి ఆపిల్‌ను అడిగింది పాస్‌కోడ్ చెప్పమని కాదు, చెప్పలేరని వాళ్ళకూ తెలుసు. పది తప్పులకు చెరిపేసే ఏర్పాటునూ, ప్రయత్నాల మధ్య వచ్చే ఆలస్యాన్నీ తీసేసే సాఫ్ట్‌వేర్ రాసిమ్మని అడిగింది. మిగిలింది మేం కొట్టుకుంటాం అని. ఆపిల్ ఒప్పుకోలేదు. చివరికి మార్చిలో బయటివాళ్ళెవరో దారి చూపించడంతో ఎఫ్‌బీఐ కేసు వెనక్కి తీసుకుంది, పైగా ఆ మోడల్‌లో సెక్యూర్ ఎన్‌క్లేవ్ కూడా లేదు. అమెరికా ప్రభుత్వం కోర్టుకెక్కాల్సి వచ్చిన పనిని ఎనిమిది వందలకు చేసిపెడతామని ఎవరైనా అంటే ఏమనుకోవాలో మీరే ఆలోచించుకోండి.

ఒకటో తప్పు నుంచి పదో తప్పు దాకా

ఐప్యాడ్‌లో మొదటి మూడు నాలుగు తప్పులకు ఏమీ కాదు. ఆ తర్వాత ఒక నిమిషం ఆగమంటుంది, తర్వాత ఐదు నిమిషాలు, పదిహేను నిమిషాలు, గంట. ఏ తప్పు దగ్గర ఎంతసేపు అనేది వెర్షన్‌ను బట్టి కొంచెం మారుతుంది, కొత్త వెర్షన్లలో గంట తర్వాత ఇంకా పొడవైన ఆలస్యాలు కూడా వచ్చాయి. పదో తప్పు తర్వాత ఇక అవకాశం ఉండదు.

ఇక్కడ చాలామందికి తెలియని చిన్న సంగతులు రెండున్నాయి. ఒకే తప్పు నంబరును వరుసగా మళ్ళీ మళ్ళీ కొడితే అది కొత్త తప్పుగా లెక్కకు రాదు. కంగారులో 2580నే నాలుగుసార్లు కొట్టారనుకోండి, అది ఒక్క తప్పే. రెండోది, ఆగమన్న సమయంలో ట్యాబ్‌ను ఆఫ్ చేసి ఆన్ చేస్తే లాభం లేకపోగా నష్టం, ఆ ఆలస్యం మళ్ళీ మొదటి నుంచి లెక్క మొదలవుతుంది. మనకేమో ఏ యంత్రం మొరాయించినా ముందు ఆఫ్ చేసి ఆన్ చేయడం అలవాటు.

రీస్టార్ట్ వల్ల ఇంకో చిక్కు కూడా ఉంది, ఇది పెద్దదే. ఐప్యాడ్‌ను రీస్టార్ట్ చేశాక ఒక్కసారైనా పాస్‌కోడ్ కొట్టేదాకా అది ఇంట్లో వైఫైకి కూడా కలవదు, ఎందుకంటే వైఫై పాస్‌వర్డ్ కూడా ఆ రక్షణ లోపలే ఉంది. వేలిముద్ర, ముఖం కూడా పనిచేయవు. అంటే దూరం నుంచి ఏదైనా చేయగలిగే దారులు కూడా మన చేత్తో మనమే మూసేసినట్టు.

పదో తప్పు తర్వాత ఏమవుతుందన్నది ఒక సెట్టింగ్ మీద ఆధారపడి ఉంటుంది. సెట్టింగ్స్‌లో పాస్‌కోడ్ పేజీ అడుగున ఎరేజ్ డేటా అని ఉంటుంది, మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది. ఆన్‌లో ఉంటే పదో తప్పుకు ట్యాబ్ తనంతట తాను ఖాళీ అయిపోతుంది. ఆఫ్‌లో ఉంటే? "ఐప్యాడ్ అనవైలబుల్" అని స్క్రీన్ మీద పడి కూర్చుంటుంది, డేటా లోపలే ఉంటుంది, కానీ ఇంకో పాస్‌కోడ్ కొట్టడానికి వీలుండదు, కంప్యూటరుకు పెట్టో, నెట్ ఉంటే ఆ స్క్రీన్ మీద నుంచే ఆపిల్ ఐడీ పాస్‌వర్డ్ ఇచ్చో మొత్తం చెరిపేయడం తప్ప దారి లేదు. జాగ్రత్తగా చూస్తే రెండు దారులూ ఒకే ఊరికి పోతాయి. తేడా అల్లా చెరిపే మీట ఎవరు నొక్కారన్నదే.

ఆండ్రాయిడ్ ట్యాబ్‌ల కథ వేరు, అందులోనూ కంపెనీకో రకం. ఐదు తప్పులకు ముప్పై సెకన్లు ఆగమనడం అందరికీ తెలిసిందే. గూగుల్ చాలాకాలం నడిపిన ప్రామాణిక లెక్కలో తప్పులు పెరిగేకొద్దీ ఆలస్యం పెరుగుతూ పోయి, 140 దాటాక ఒక్కో ప్రయత్నానికి ఒక రోజు అవుతుంది. తనంతట తాను చెరిపేసుకునే అలవాటు మామూలుగా ఉండదు. శామ్‌సంగ్‌లో మాత్రం ఆటో ఫ్యాక్టరీ రీసెట్ అనే సెట్టింగ్ ఉంది, ఎవరైనా ఆన్ చేసి ఉంటే మోడల్‌ను బట్టి 15 లేదా 20 తప్పులకు ట్యాబ్ ఖాళీ అవుతుంది. మీరు ఆన్ చేసి ఉండరు, కానీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, ఇంట్లో సెట్టింగ్స్ అన్నీ తిరగేసే పిల్లాడు ఉన్నా ఒకసారి చూసుకోవడం మంచిది.

ఇక లక్షల, కోట్ల నిమిషాలు ఆగమనే ట్యాబ్‌ల కథ. 2019లో అమెరికాలో ఒక పాత్రికేయుడి ఐప్యాడ్‌ను ఆయన మూడేళ్ళ కొడుకు నొక్కీ నొక్కీ 2,55,36,442 నిమిషాలు ఆగమనేలా చేశాడు, అంటే దాదాపు 48 ఏళ్ళు! ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. ఇలాంటి అంకెలు చూసి భయపడాల్సిన పనిలేదు. కంప్యూటర్లు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి లెక్కపెడతాయి. పాత మోడళ్ళలో బ్యాటరీ పూర్తిగా అయిపోయో, ఇంకెందుకో గడియారం వెనక్కి పోతే, ఎప్పటిదాకా ఆగాలి అన్న తేదీ దశాబ్దాల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది.

చెరపడం అంటే చెరపడం కాదు

డేటా రికవరీ అనే మాట విని చాలామంది మోసపోయేది ఇక్కడే. కెమెరా కార్డులో పొరపాటున డిలీట్ చేసిన పెళ్ళి ఫోటోలు వెనక్కి తెచ్చినవాళ్ళు మన ఊళ్ళో ఉన్నారు, అది నిజమైన పనే. అక్కడ డిలీట్ చేసినా ఫోటో కార్డు మీదే ఉంటుంది, పేరు మాత్రమే జాబితాలోంచి పోతుంది, దాని మీద కొత్తది రాయనంతవరకు వెతికి పట్టుకోవచ్చు.

ట్యాబ్‌ను ఎరేజ్ చేసినప్పుడు జరిగేది దీనికి పూర్తిగా భిన్నం. 128 జీబీ మెమరీ ఉన్న ట్యాబ్ చూస్తుండగానే ఖాళీ అవడం మీరు గమనించే ఉంటారు. అంత మెమరీని ఒక్కో అంగుళం తుడిచే సమయం అది కాదు. అది డేటాను తుడవదు, డేటాను తెరిచే కీని మాత్రం నాశనం చేస్తుంది. ఇనప్పెట్టెను పగలగొట్టకుండా, దాని తాళంచెవిని కరిగించి ముద్ద చేసినట్టు. గజిబిజి అంకెలు ఇంకా మెమరీలో ఉండవచ్చు, వాటిని రికవరీ సాఫ్ట్‌వేర్ చదవనూ వచ్చు, కానీ చదివింది ఎప్పటికీ ఫోటోగా మారదు. అందుకే ఎరేజ్ అయిన ఐప్యాడ్ లోంచి, కొత్త ఆండ్రాయిడ్ లోంచి ఫోటోలు తెస్తామని ఎవరు చెప్పినా ముందు డబ్బు ఇవ్వకండి.

డబ్బు ఎక్కువుంటే ఫలితం మారుతుందా అంటే అదీ కాదు. స్టెఫాన్ థామస్ అనే ప్రోగ్రామర్ కథ 2021లో పత్రికల్లో వచ్చింది. ఆయన 7,002 బిట్‌కాయిన్ల తాళాలు ఐరన్‌కీ అనే డ్రైవ్‌లో పెట్టుకుని పాస్‌వర్డ్ రాసిన కాగితం పోగొట్టుకున్నాడు. ఆ డ్రైవ్‌కు పది అవకాశాలే. ఎనిమిది అయిపోయాయి. వందల కోట్ల సొత్తు కళ్ళ ముందుంది, మిగిలిన రెండు అవకాశాలు వాడాలంటే చేయి రాని పరిస్థితి.

మొదటి గంటలో ఏం చేయాలి

పాతూరులో మా మేనమామ ధర్మవరం పట్టుచీరల వ్యాపారం చేస్తాడు. చీరల ఫోటోలు, ఏ మగ్గం మీద ఏ డిజైన్ ఉంది, ఎవరు ఎంత బాకీ, అన్నీ ఐప్యాడ్‌లోనే. దొంగల భయంతో పాస్‌కోడ్ మార్చాడు, మర్నాటికి మర్చిపోయాడు. ఆయన ఫోన్ చేసి అడిగిన పద్ధతి చూస్తేనే అర్థమైంది ఎంత కంగారులో ఉన్నాడో.

"అల్లుడూ, ఇది ఐదు నిమిషాలు ఆగమంటుంది, ఆగి కొడితే పదిహేను అంటుంది, ఏం చేయాల్నప్పా?"

"ఏం చేయొద్దు మామా. పక్కన పెట్టు. ఆఫ్ చేయొద్దు, పిల్లోళ్ళకు ఇయ్యొద్దు, ఛార్జింగ్‌కు పెట్టి వదిలెయ్యి."

"షాపుకు తీసకపోదునా?"

"ఆ పని మాత్రం చేయొద్దు."

ఏమీ చేయకపోవడమే ఆ గంటలో పెద్ద పని. ఆయన విషయంలో కలిసొచ్చింది ఏమిటంటే, 2023లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 17 నుంచి, పాస్‌కోడ్ మార్చిన 72 గంటల లోపు పాత పాస్‌కోడ్‌తో లోపలికి పోయే వీలుంది. లాక్ స్క్రీన్ మీద "పాస్‌కోడ్ మర్చిపోయారా" అన్నది నొక్కితే పాత పాస్‌కోడ్ అడుగుతుంది, అది ఇస్తే కొత్తది పెట్టుకోమంటుంది. పాతది ఆయనకు నిద్రలో అడిగినా వస్తుంది, వ్యాపారం మొదలుపెట్టిన సంవత్సరం అది. కొత్త పాస్‌కోడ్ పెట్టి మర్చిపోయేవాళ్ళలో చాలామంది మొదటి రెండు మూడు రోజుల్లోనే మర్చిపోతారు కాబట్టి ఈ ఒక్క సదుపాయం ఎందరినో కాపాడుతుంది. ఎక్కడో దాచిపెట్టినట్టు పెట్టారు, అది వేరే సంగతి. అలాగని ఈ దారినే దొంగ కూడా వాడతాడని భయముంటే, పాస్‌కోడ్ మార్చిన వెంటనే పాతదాన్ని రద్దు చేసుకునే ఆప్షన్ కూడా సెట్టింగ్స్‌లో ఉంది.

అది కుదరనివాళ్ళ సంగతి ఏమిటి? ట్యాబ్ జోలికి పోకుండా, ఇంకో ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో మీ అకౌంట్‌లోకి పోయి చూడండి. ఆండ్రాయిడ్ అయితే గూగుల్ ఫోటోస్, డ్రైవ్. ఐప్యాడ్ అయితే ఐక్లౌడ్ వెబ్‌సైట్‌లో ఫోటోలు, నోట్స్. పోయిందనుకున్నది సగానికి సగం అక్కడే కూర్చుని ఉంటుంది, తెలియక ఏడ్చినవాళ్ళు నాకు తెలుసు. అక్కడున్నవాటిని లెక్కపెట్టుకున్నాకే రీసెట్ గురించి ఆలోచించండి. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, ఐక్లౌడ్ 5 జీబీ. ఐక్లౌడ్ నిండిపోయిందని నెలల నుంచి వస్తున్న నోటిఫికేషన్‌ను పక్కకు తోసేస్తూ ఉన్నవాళ్ళకు చివరి బ్యాకప్ కూడా అన్ని నెలల నాటిదే అయి ఉంటుంది. బ్యాకప్‌లు శాశ్వతంగా కూడా ఉండవు. వాడకుండా 57 రోజులు పక్కన పడేసిన ఆండ్రాయిడ్ పరికరం బ్యాకప్‌ను గూగుల్ తీసేయవచ్చు. ఐక్లౌడ్‌లో బ్యాకప్ ఆపేశాక 180 రోజులు ఉంచుతారు.

ఇంకొక మెలిక ఉంది, ఇది తెలిసినవాళ్ళు చాలా తక్కువ. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి యాప్‌ల డేటా బ్యాకప్‌కు కూడా స్క్రీన్ లాక్ పిన్నుతోనే తాళం వేస్తున్నారు. రీసెట్ చేసి గూగుల్ అకౌంట్ ఇచ్చాక, పాత పరికరం పిన్ను చెప్పమంటుంది. మీరు మర్చిపోయింది అదే కదా! గూగుల్ ఫోటోస్‌లోకి ఎక్కిన ఫోటోలకు ఈ బాధ లేదు, అవి అకౌంట్‌తో వచ్చేస్తాయి. కాబట్టి "బ్యాకప్ ఉంది, రీసెట్ కొట్టేద్దాం" అని ధైర్యం చేసేముందు ఏ బ్యాకప్ ఉందో చూడాలి.

మెమరీ కార్డు ఉన్న ట్యాబ్ అయితే ముందు కార్డు బయటికి తీయండి. ప్రత్యేకంగా ఎన్‌క్రిప్ట్ చేయకపోతే, కార్డును ట్యాబ్ లోపలి మెమరీలో భాగంగా కలపకపోతే, అందులో ఫోటోలు ఏ కంప్యూటర్‌లోనైనా మామూలుగా తెరుచుకుంటాయి. కెమెరా ఫోటోలు కార్డులోకి వెళ్ళేలా ఎవరో ఎప్పుడో సెట్ చేసి ఉంటే అదృష్టం పండినట్టే.

రీసెట్ తప్పదని తేలాక కూడా ఇంకో మెట్టు మిగిలి ఉంది. 2013 నుంచి ఆపిల్‌లో యాక్టివేషన్ లాక్, 2015లో ఆండ్రాయిడ్ 5.1 నుంచి ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్ ఉన్నాయి. బయటి నుంచి బలవంతంగా చెరిపేసిన ట్యాబ్, మళ్ళీ ఆన్ కాగానే పాత అకౌంట్ ఐడీ, పాస్‌వర్డ్ అడుగుతుంది. కొన్నరోజు షాపులో సేల్స్ అబ్బాయి తన చేత్తో పెట్టిచ్చిన జీమెయిల్ ఐడీ ఇప్పుడు ఎవరికీ గుర్తుండదు. అప్పుడు డేటాతో పాటు ట్యాబ్ కూడా పోయినట్టే. వేరే ఫోన్‌లో ఆ అకౌంట్‌లోకి పోగలిగితేనే రీసెట్ నొక్కండి, పోలేకపోతే ముందు పాస్‌వర్డ్ సంగతి తేల్చుకోండి.

అకౌంట్ రికవరీ కోసం నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికేవాళ్ళకు ఒక మాట. సెర్చ్‌లో పైన కనిపించే నంబర్లలో దొంగవి చాలా ఉంటాయి. స్క్రీన్ షేర్ యాప్ వేసుకోమన్నా, ఓటీపీ చెప్పమన్నా ఫోన్ పెట్టేయండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

బడి ట్యాబ్‌ల లెక్క వేరు

2022 డిసెంబర్ 21న రాష్ట్ర ప్రభుత్వం బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి, ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచింది. నాలుగున్నర లక్షల మందికి పైగా పిల్లలకు అందాయి, మన రాయలసీమ పల్లెల్లో చాలా ఇళ్ళలోకి వచ్చిన మొదటి ట్యాబ్ అదే. బడి నుంచో ఆఫీసు నుంచో వచ్చిన ఇలాంటి ట్యాబ్‌లను దూరం నుంచి నిర్వహించే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఎన్ని తప్పులకు చెరిపేయాలి అనేది అక్కడ కూర్చున్నవాళ్ళు నిర్ణయించగలరు, అది పదే కావాలని లేదు, ఐప్యాడ్‌లో అయితే రెండు దాకా కూడా తగ్గించవచ్చు. మంచి విషయం ఏమిటంటే అదే సాఫ్ట్‌వేర్‌తో, ట్యాబ్ నెట్‌లో ఉంటే, కొన్నిసార్లు డేటా చెడకుండా పాస్‌కోడ్‌ను తీసేయగలరు కూడా. మామూలు ట్యాబ్‌కు లేని దారి ఇది. అందుకే బడి ట్యాబ్ లాక్ అయితే హెడ్‌మాస్టరు దగ్గరికి పోవాలి తప్ప షాపుకు కాదు. షాపులో ఫ్లాష్ చేయిస్తే, అంటే సాఫ్ట్‌వేర్ మొత్తం కొత్తగా ఎక్కిస్తే, పాఠాలూ పోతాయి, ట్యాబ్ మళ్ళీ బడి వ్యవస్థలోకి కలవకా పోవచ్చు.

అసలు ఎందుకు మర్చిపోతాం

వేలిముద్ర వల్ల. రోజూ వేలితోనే తెరుస్తుంటే నంబరు కొట్టే అవసరమే రాదు, వాడని నంబరు మనసులోంచి జారిపోతుంది. ఈ సంగతి కంపెనీలకూ తెలుసు. అందుకే ఆండ్రాయిడ్ 72 గంటలకోసారి పిన్ను అడుగుతుంది. ఐప్యాడ్ రీస్టార్ట్ అయినా, 48 గంటలు తెరవకపోయినా, ఆరున్నర రోజులుగా పాస్‌కోడ్ కొట్టకుండా పైగా చివరి నాలుగు గంటల్లో వేలితోనో ముఖంతోనో తెరవకపోయినా పాస్‌కోడ్ కావాలంటుంది. పొద్దున లేచి ట్యాబ్ తీస్తే హఠాత్తుగా నంబరు అడగడం అందుకే, అదేమీ వైరస్ కాదు. విసుక్కోకుండా కొట్టండి.

గుర్తు తెచ్చుకునేటప్పుడు అంకెలను తలచుకోవడం కంటే చేతికి వదిలేయడం పనిచేస్తుంది. ట్యాబ్ ఆఫ్‌లో ఉన్నట్టు ఊహించుకుని, బల్ల మీద వేలితో ఆ నంబరు ఆకారం గీసి చూడండి. తోచిన నంబర్లు కాగితం మీద రాసి, ఏది కొట్టారో ఏది కొట్టలేదో గుర్తు పెట్టుకుంటూ పోవాలి. అవకాశాలు పదే ఉన్నప్పుడు ఒకదాన్ని అనవసరంగా ఖర్చుపెట్టడం దండగ.

ఇక చిన్నపిల్లలున్న ఇంట్లో ఎరేజ్ డేటా ఆన్ చేయవచ్చా అని అడిగేవాళ్ళకు. చాలామంది భయపడేది, పిల్లాడు రెండు నిమిషాలు ఆడుకుంటే అంతా పోతుందేమోనని. పోదు. ఆలస్యాలు కలిపితేనే ఒకటి, ఐదు, పదిహేను, అరవై నిమిషాలు, తక్కువలో తక్కువ గంటా ఇరవై నిమిషాలు దాటుతుంది, కొత్త వెర్షన్లలో ఇంకా ఎక్కువ. అంతసేపు పిల్లాడు పట్టువదలకుండా కొట్టాలంటే మీరు ఇంట్లో లేనట్టే లెక్క. పైగా ఆఫ్‌లో ఉంచినా పదో తప్పు తర్వాత మీరు లోపలికి పోలేరని చూశాం కదా. ట్యాబ్‌లో బ్యాంకు యాప్‌లు, ఆధార్ కాపీలు, వ్యాపారం లెక్కలు ఉండి, దాన్ని బస్సుల్లో ఊళ్ళకు తీసుకుపోయేవాళ్ళు ఆన్ చేసుకోవడమే నయం, బ్యాకప్ తేదీ ఈ వారందే అయి ఉండాలి అంతే. ఇంట్లో సోఫా మీద పడి ఉండి, పిల్లల పాటలు, పెళ్ళి వీడియోలు తప్ప ఏమీ లేని ట్యాబ్‌కు ఆ సెట్టింగ్ అవసరం లేదు, ఆఫ్‌లోనే ఉంచండి.